దయమ్మ వదిలిన వరుసలు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయిన చోట మీరే సరిచేసుకుని చదవండి. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాకు వానాకాలమంతా పట్టింది, ఆ ఆలస్యానికి కూడా మన్నించండి. దయమ్మా నేనూ ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళం. ఆమె చెప్పమన్నాకే చెబుతున్నాను.

కలకత్తా దగ్గర సంత్రాగాఛిలో రైల్వే క్వార్టర్లు అయిపోయి సొంత ఇళ్ళు మొదలయ్యే సందులో దయమ్మ ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు ఇద్దరు కూర్చుంటే నిండిపోయే వరండా. భర్త ఎలీయాజరు రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి, రిటైరైన ఏడాదికే పోయాడు. కొడుకు ఎడ్విన్‌కి ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం, ఆదివారాలు వచ్చి పోతుంటాడు. ముందు గది ఊరికే పడి ఉంది కదా అని చర్చి సంఘంలో ఎవరో చెబితే ప్రణతిని పెట్టుకుంది దయమ్మ. ప్రణతిది ఖమ్మం. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. న్యూటౌన్‌లో ఒక కంప్యూటరు కంపెనీలో కొత్తగా చేరింది. అక్కడినుంచి ఇక్కడికి రెండు బస్సులు మారాలి. అయినా పప్పూ పచ్చడీ దొరుకుతాయని, తెలుగు మాట వినబడుతుందని ఇక్కడే ఉండిపోయింది.

దయమ్మ ఎవరినీ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. మొదటినుంచీ అలా లేదు. ఎలీయాజరు పోయిన నాలుగో నెలలో, హౌరా స్టేషను బయట గొడుగు వేసుకుని సిమ్ కార్డులు అమ్మే ఒక మనిషి ఆమె వేలు మిషను మీద రెండుసార్లు పెట్టించాడు. మొదటిసారి సరిగా పడలేదన్నాడు. ఆర్నెల్లు తిరక్కుండా ఇద్దరు మనుషులు మామూలు చొక్కాల్లో వచ్చి, ఆఫీసు నుంచి వచ్చామని చెప్పి లోపల కూర్చున్నారు. కాసేపటికి గాని పోలీసులని తెలియలేదు. దయమ్మ పేరు మీద ఇంకో నంబరు ఉందట, దాంతో ఎవరో ఎవరినో ముంచారట. ఒక కాగితం ముందు పెట్టి వేలిముద్ర వెయ్యమన్నారు. అందులో ఏముందో ఆమెకి తెలియదు. వేసింది. తరవాత అది ఎలాగో తేలిపోయి ఆమె మీదికి ఏమీ రాలేదు గాని, ఏముందో తెలియని కాగితం మీద ఆ నల్లటి మచ్చ మాత్రం ఆమె కళ్ళలోంచి పోలేదు. ఆ వేసవిలోనే సంఘం హాల్లో గ్రేసీ టీచరు నడిపే సాయంకాలపు తరగతిలో వచ్చి కూర్చుంది. మొదట తెలుగు, తరవాత ఇంగ్లీషు అక్షరాలు. అక్షరాలు వచ్చాయి. అనుమానం మాత్రం పోలేదు, ఇంకొంచెం పదునెక్కింది.

కిందటి చలికాలంలో ఒక ఆదివారం పొద్దున ప్రణతి టీ గ్లాసు పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంది.

“అమ్మమ్మా, మీరు నాకొక సాయం చెయ్యాలె.”

“ఏటది?”

“రోజూ మధ్యాహ్నం ఒక గంట నా పాత ల్యాప్‌టాప్ ముందట కూర్చుని, నేనిచ్చిన కాగితం మీద ఏముంటే అది కొట్టాలె. గంతే.”

“నీకు సేతుల్లేవేటి?”

ప్రణతి నవ్వింది. “నేను కొడితే లాభం లేదమ్మమ్మా. నాకు వస్తది కాబట్టి తెలిసిన దారిల్నే నడుస్త. రానోళ్ళు కొడితేనే అది ఎక్కడ తడబడతదో బయటపడతది.”

“అంటే నేను తప్పులు సేత్తానని ఏరుకున్నావన్నమాట.”

“అట్ల గాదు. ఇది కోడ్ రాసుడు కొత్తగ నేర్చుకునేటోళ్ళ కోసం చేస్తున్నం. మనం ఒక్కొక్క వరుస కొడతం. కొట్టిన ప్రతిసారి అది లోపల ఆలోచించుకుంటది. మాట పూర్తయిందనుకుంటే ఆ పని చేసి చూపిస్తది. మాటే తప్పనుకుంటే ఎర్ర అక్షరాలల్ల చెప్తది. సగమే అయింది, ఇంకా ఉన్నదనుకుంటే మూడు చుక్కలు పెట్టి ఆగుతది.”

“మాట సగమయిందో పూర్తయిందో దానికెలా తెలుస్తాది?”

“కష్టమంత అక్కడనే ఉన్నది. ఆ ఆలోచించే ముక్క మా సాయివర్ధన్ సార్ రాసిండు. మంచిగ రాసిండా లేదా చూసుడు నా పని.”

ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసినా ఎలీయాజరు మాట ఎప్పుడు పూర్తయిందో, ఎప్పుడు బీడీ కోసం మధ్యలో ఆగాడో తనకి అంతుపట్టేది కాదు. ఒక పెట్టెకి తెలిసిపోతుందంటే దయమ్మకి నమ్మబుద్ధి కాలేదు. అంతకంటే నమ్మబుద్ధి కానిది ఇంకోటి. ఇంత చదువుకున్న పిల్లకి, మొన్న మొన్న అక్షరాలు నేర్చుకున్న తనతో ఏం పని?

కాదనడానికి కారణం దొరక్క ఒప్పుకుంది. కాని ముందే కట్టడి చేసింది.

“నా పేరు ఎక్కడా ఉండకూడదు. ఏలు పెట్టను. నంబరు ఇవ్వను.”

“మీ ఇష్టం. రిపోర్టుల ఒక మనిషి అని రాస్త.”

మర్నాటినుంచి, ఆదివారం తప్ప రోజూ, భోజనమయ్యాక ఫ్యాను కింద బల్ల దగ్గర కూర్చునేది. ప్రణతి ఆఫీసుకి వెళ్ళేముందు పెట్టె తెరిచి సిద్ధం చేసి, పక్కన ఒక కాగితం పెట్టి పోయేది. దాని మీద అన్నీ ఇంగ్లీషు ముక్కలు. కొన్ని వరుసలు అంచునుంచి మొదలయ్యేవి, కొన్ని నాలుగు అక్షరాల మేర లోపలికి జరిగి ఉండేవి. దయమ్మ కళ్ళజోడు సవరించుకుని ఎడమచేతి వేలు కాగితం మీద, కుడిచేతి వేలు మీటల మీద పెట్టి, ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుకుంటూ కొట్టేది. ఒక వరుసకి నాలుగైదు నిమిషాలు.

మొదటి రోజే పెట్టె ఎర్రబడింది.

కాగితంతో పోల్చి చూసుకుంది. అక్షరం అక్షరం సరిపోయింది. రెండో రోజూ ఎరుపే. మూడో రోజు ఇంకా నెమ్మదిగా కొట్టింది. మళ్ళీ ఎరుపు. నాలుగో రోజు ప్రణతి ఇంట్లోనే ఉండి అదే పెట్టె మీద అదే కాగితం చూసి కొడుతుంటే, దయమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని తొంగి చూసింది. ఒక్క ఎర్ర అక్షరం లేదు. చుక్కలు పెట్టాల్సిన చోట చుక్కలు పెట్టి, చెప్పింది చేసి, పెట్టె బుద్ధిగా నడుచుకుంది.

మనిషిని చూసి మాట్లాడుతోంది ఈ పెట్టె, అనుకుంది దయమ్మ.

సాయంత్రాలు ప్రణతి ఆ రోజు పెట్టెలో నిలిచి ఉన్నదంతా తన దాంట్లోకి ఎక్కించుకుని చూసుకునేది. ఎరుపు ఎంత ఎక్కువుంటే ఆమె మొహం అంత వెలిగేది.

“మస్తు చేస్తున్నరు అమ్మమ్మా. గిట్లనే కొట్టుండ్రి. ఏం మార్చకండ్రి.”

“అన్నీ తప్పులే వస్తన్నాయి కదే.”

“రావాలె. అవే నాకు కావాలె.”

ఎదుటి మనిషి తప్పు చేస్తే సంతోషపడే వాళ్ళని దయమ్మ చాలామందినే చూసింది. కాని ఆ సంతోషాన్ని ఇలా మొహం మీదే చెప్పే మనిషిని చూడలేదు. పైగా ఏమీ మార్చొద్దంటోంది. తను కొట్టే ఆ తప్పులన్నీ పోగు చేసి ఈ పిల్ల ఎక్కడికి పంపుతోంది?

గోడ అవతల ఇల్లు అప్పలలక్ష్మిది. ఆమె మొగుడు కూడా రైల్వేలోనే. మధ్యాహ్నాలు పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ఊళ్ళో కబుర్లన్నీ ఇటు దించుతూ ఉంటుంది.

“వదినా, టీవీలో సూసినావా? ఎక్కడో మేడ మీద కంపూటర్లెట్టుకుని ముసిలోళ్ళకి ఫోన్లు సేసి బెదిరిస్తన్న ముఠాని పట్టుకున్నారట. అందులో మన బాస మాటాడే ఆడపిల్లలు కూడా ఉన్నారట.”

“ఉంటే?”

“ఉంటే ఏటి? నువ్వు మజ్జానం పూట తలుపేసుకుని టకటకలాడిస్తన్నావు కదా, అది ఏటని అడుగుతున్నాను.”

“ఏదో పరీచ్చంట. నా పేరు ఇవ్వలేదులే.”

“పేరివ్వకపోతే నీ ఏళ్ళ గుర్తులు ఆ మీటల మీద ఉండవేటి? నలుపు పూసి ముద్రేస్తేనే ముద్రా?”

ఆ మాట దయమ్మకి ములుకులా తగిలింది. “ఆ పిల్ల మంచిదో కాదో నాకేటి తెలుసు?” అనేసింది. తన వేలిగుర్తు ఇంకోసారి ఎవరి చేతికో దొరికిపోయినట్టే అనిపించింది. మానేద్దామంటే, ఎందుకు మానేశావని ఆ పిల్ల అడుగుతుంది, ఏం చెప్పాలి? ఆ రోజునుంచి కొట్టడం అవగానే తడిగుడ్డ పిండి మీటలన్నీ ఒక్కొక్కటిగా తుడిచేది. తుడుస్తూ ఆ పిల్ల మీద ఒక కన్ను వేసి ఉంచింది. ప్రణతి ఫోనులో మాట్లాడుతుంటే కూరగాయల బుట్ట పట్టుకుని గది ముందునుంచి రెండుసార్లు నడిచేది. “లాగ్స్”, “టెస్టర్”, “ఫెయిల్” అన్న మాటలు తప్ప ఏమీ దొరికేవి కావు.

పదకొండో రోజు శుక్రవారం. సాయంత్రం ప్రణతి వచ్చి చెప్పులు విడవకుండానే వరండాలో కూలబడింది. టీ ఇస్తే తాగలేదు.

“రేపు మా సార్ ఇక్కడికి వస్తడంట అమ్మమ్మా.”

“ఎందుకు?”

“నేను రాసిన రిపోర్టు అబద్ధమంటున్నడు. ఆయన రాసిన ముక్క కొత్తోళ్ళ దగ్గర పనిచేస్తలేదని రాసిన కదా. అట్ల కొట్టే మనిషే ఉండదంటడు. నేనే కూర్చుని దొంగ రికార్డులు పుట్టించిన్నంట, ఆయన్ని తక్కువ చేసేటందుకు.” టీ గ్లాసు పక్కకి జరిపింది. “సోమవారంతోని నా ఆరు నెలలు అయిపోతయి. ఉంచాల్నా పంపాల్నా ఆయన చేతిలనే ఉన్నది. దొంగ రికార్డులని రాసి పంపిస్తే ఇంకో కంపెనీల గూడ ఎవరూ రానియ్యరు. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి, చాలు. కొట్టింది నేనే అని ఒక్క మాట.”

దయమ్మ సరేనని తల ఊపింది గాని, ఆ మాట ఆమె లోపల వేరేగా తిరగడం మొదలెట్టింది. దాచేది ఏమీ లేని మనిషి, ఎవరో వస్తారు, ఇలా చెప్పు అని ముందుగా ఎందుకు నేర్పుతుంది? రేపు వచ్చేవాడు సారేనా? సార్లు పిల్లల ఇళ్ళకి వస్తారా? పోలీసులొస్తే తనని ముందు నిలబెట్టి, ఇదిగో కొట్టింది ఈమే అని ఆ పిల్ల పక్కకి తప్పుకుంటే?

శనివారం పది గంటలకి ప్రణతి సారుని తీసుకురావడానికి స్టేషనుకి వెళ్ళింది. ఆయన రైలులో రాలేదు. కారు కోనా రోడ్డు మీద వదిలేసి, టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి అటువైపునుంచి వచ్చాడు. టోటోవాడు వాకిట్లో ఆపి, “మాషీమా, ఈ దాదా మీ ఇల్లే వెతుకుతున్నాడు,” అని బెంగాలీలో కేకేసి పోయాడు.

ముప్పై అయిదేళ్ళుంటాయి. మామూలు చొక్కా, భుజానికి సంచి. బూట్లు విప్పకుండా వరండా మెట్టు మీద నిలబడి, తెరిచిన తలుపులోంచి లోపలికి చూశాడు.

“నమస్కారమమ్మా. ప్రణతి ఉండేది ఇక్కడేనా?”

“మీరెవురు?”

“ఆఫీసు నుంచి.”

దయమ్మ తలుపు సగం దగ్గరికి వేసింది. ఆ వేళ వచ్చినవాళ్ళూ ఇదే మాట అన్నారు.

“ఇక్కడ ఒక పెద్దావిడ రోజూ కంప్యూటరు మీద టైపు చేస్తున్నారని ప్రణతి చెప్పింది. మీరేనా?”

“నేనా?” అంది దయమ్మ. “నాకు సదువు రాదు బాబూ. ఏలిముద్రే.”

ఆ మాట ఎంత తేలిగ్గా జారిపోయిందో ఆమెకే తెలిసింది. దాన్ని ఇంకెప్పుడూ అనకుండా ఉండడం కోసమే చలిలో, వానలో గ్రేసీ టీచరు బల్ల ముందు కూర్చుంది తను.

“ఇంట్లో ఇంకెవరైనా పెద్దవాళ్ళున్నారా?”

“ఎవురూ లేరు.”

ఆయన తల ఆడించాడు. ఆశ్చర్యపోలేదు. ఇదే జవాబు కోసం వచ్చినవాడిలా ఉన్నాడు. రెండడుగులు పక్కకి వేసి ఫోను తీశాడు. చదువురాని ముసలమ్మ ముందు గొంతు తగ్గించే అవసరం ఆయనకి కనబడలేదు.

“ఆఁ, వచ్చాను. ఎవరూ లేరు. ఉన్న ఒక్క పెద్దావిడకీ అక్షరం ముక్క రాదంట. నేను చెప్పాను కదా, అంతా కట్టుకథే. సోమవారం లెటర్ ఇచ్చేయండి. కారణం కూడా రాయండి, ఫేక్ రికార్డులని. లేకపోతే ఇంకోచోట ఇదే పని చేస్తుంది.”

దయమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఈయన పోలీసు కాదు. తన పేరు ఈయన అడగనైనా లేదు. తన వేలితో ఈయనకి పని లేదు. తను కాపాడుకున్నది ఏమీ లేదు, ఆ పిల్ల అన్నం మాత్రం లాగేసింది.

అప్పుడే సందు మొదట్లోంచి ప్రణతి గబగబా వచ్చింది. నుదుటి మీద చెమట.

“సార్, నేను స్టేషన్ల ఆరో నంబరు ప్లాట్‌ఫారం కాడ...”

“పర్లేదు. అమ్మగారితో మాట్లాడాను. ఆవిడకి చదువు రాదని చెప్పారు.”

ప్రణతి దయమ్మ వైపు చూసింది. ఏడవలేదు, కోప్పడలేదు, అమ్మమ్మా అని కూడా అనలేదు. తెలియని ఇంటి తలుపు తట్టిన మనిషిలా చూసింది. రెండుసార్లు వేలు పెట్టించుకుని పోయిన ఆ సిమ్ముల మనిషికి తన మొహం గుర్తుండి ఉండదు. ఈ పిల్ల మొహం మాత్రం తనని వదలదని దయమ్మకి అర్థమైంది.

“ఆగు బాబూ,” అంది. “ఆ పెట్టి తెరుస్తాను. కూకో.”

సాయివర్ధన్ కదలలేదు. “ఇప్పుడే చదువు రాదన్నారు కదమ్మా.”

“అబద్దమాడినాను.”

“ఏది అబద్ధం? అప్పుడు చెప్పిందా, ఇప్పుడు చెబుతున్నదా? ఈ అమ్మాయిని చూసి జాలిపడ్డారా?”

“జాలి కాదు. నువ్వు పోలీసనుకున్నాను. నువ్వే కూకుని సూడు. సూస్తే పోయేదేటుంది?”

ఆయన గడియారం చూసుకున్నాడు. బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. ప్రణతి పెట్టె తెరిచి, రోజూ పెట్టే కాగితం తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆ కాగితం వద్దు. నువ్వు వరండాలో ఉండు.” సంచిలోంచి పెన్ను తీసి, ఒక తెల్ల కాగితం మీద తనే అయిదు వరుసలు రాశాడు. దయమ్మ పక్కన కుర్చీ లాక్కుని, మీటలూ తెరా రెండూ కనబడేలా కూర్చున్నాడు. పట్టుకోవడానికి వచ్చిన మనిషి కూర్చునే తీరది. దయమ్మకి అది బాగా తెలుసు.

కళ్ళజోడు పెట్టుకుంది. “ఎఫ్,” అంది. వెతికి కొట్టింది. “ఓ... ఆర్...” మధ్యలో ఖాళీ కోసం పొడుగు మీట నొక్కింది. వరుస చివర ఒకదాని కింద ఒకటి ఉండే రెండు చుక్కల మీట దొరకడానికి నిమిషం పట్టింది. ఎంటర్ నొక్కింది. తెర మీద మూడు చుక్కలు పడ్డాయి. మళ్ళీ ఎంటర్ నొక్కింది. పెట్టె ఎర్రబడింది.

సాయివర్ధన్ ముందుకి వంగాడు. “ఆగండి. ఎంటర్ రెండుసార్లు ఎందుకు నొక్కారు?”

“ఒకటి వరుస మారడానికి. ఒకటి వరుస వదలడానికి.”

“వదలమని ప్రణతి చెప్పిందా?”

“ఆ పిల్లెందుకు సెప్తాది? నేను కొడతన్నప్పుడు అది ఇంట్లోనే ఉండదు. గ్రేసీ టీచరు సెప్పింది. ఒక వరుస రాసి ఒక వరుస వదలాల. మనం తప్పు రాస్తే టీచరు కింద దిద్దాల కదేటి. దిద్దడానికి సోటుండాల. సోటు వదలకపోతే మా టీచరు పుస్తకమే ముట్టుకోదు.”

ఆయన తెర మీది ఖాళీ వరుసని వేలితో చూపించాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు. “ఇందులో దిద్దేవాళ్ళు ఎవరూ లేరమ్మా. ఖాళీ వరుస వచ్చిందంటే మీరు చెప్పేది అయిపోయిందని అనుకుంటుంది. సగం మాటనే పూర్తి మాటగా పట్టుకుని, ఇది తప్పు అంటుంది. నేనే అలా రాశాను.”

“అయిపోలేదు బాబూ. ఇంకా నాలుగు వరుసలు కాయితం మీద కనబడతన్నాయి.”

“కాగితం దానికి కనబడదు.”

“మరి, ఇంకా ఉందా అని అడగొచ్చు కదా.”

వరండాలో ప్రణతి కదిలిన చప్పుడైంది. అయినా ఆయన మొహంలో అనుమానం ఇంకా దిగిపోలేదు.

“పదకొండు రోజుల రికార్డు చూశానమ్మా. ప్రతి వరుస తరవాతా ఒక ఖాళీ వరుస. ఒక్కసారి కూడా తప్పలేదు. మనిషన్నాక ఒక రోజైనా మరిచిపోరా? అందుకే ఇది మిషను పనే అనుకున్నాను.”

“మీకు రాయడం అలవాటు బాబూ. మరిసిపోతారు. నాకు బయం. బయమున్నోళ్ళు మరిసిపోరు.”

మిగతా నాలుగు వరుసలూ కొట్టించాడు. తరవాత ఇంకో అయిదు రాసి ఇచ్చాడు. దయమ్మ పొయ్యి మీద పప్పు సంగతి మరిచిపోయి కొట్టింది. ప్రతి వరుస కిందా ఒక వరుస వదిలింది. వదిలిన ప్రతిసారీ పెట్టె, ఆమె మాట అయిపోయిందని తేల్చేసి తప్పు పట్టింది. చివరికి ఆయనే చెయ్యెత్తి చాలన్నాడు. ఎవరికో ఫోను చేశాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

“ఆ లెటర్ ఆపండి... లేదు, మనిషి ఉంది. నా పక్కనే కూర్చుంది... అవును, తప్పు నా ముక్కలోనే.”

ఫోను జేబులో పెట్టుకుని గుమ్మం వైపు తిరిగాడు. “రిపోర్టులో ఈవిడ పేరెందుకు రాయలేదు?”

ప్రణతి నేల చూసింది. పేరు వద్దన్నది ఎవరో ఆమె చెప్పలేదు. దయమ్మే చెప్పింది. “నేనే వద్దన్నాను.”

“పేరు లేకపోతే మా పైవాళ్ళకి నేను చెప్పినా నమ్మరమ్మా. మీరు మీ చేత్తో రాసి ఇవ్వాలి.”

ఏం రాయాలో తెలుగులో చెప్పమంది. ఆయన చెప్పాడు. దయమ్మ తెల్ల కాగితం తీసుకుని, తను పదకొండు రోజులు కొట్టిన సంగతీ, ఎవరూ నేర్పలేదన్న సంగతీ రాసింది. కింద పేరు, ఇంటి నంబరు. రాసిందంతా వేలు పెట్టి మొదటినుంచి ఒకసారి చదువుకుని, ఆయన చేతికి ఇచ్చేముందు ఇంకో కాగితం మీద అచ్చం అలాగే రాసి, దాని మీద ఆయన చేత కూడా సంతకం పెట్టించుకుంది. ఆయన పెట్టాడు. నవ్వలేదు. మాడిన పప్పు వాసన ఇల్లంతా నిండింది.

ఆయన వెళ్ళాక ప్రణతి తన గదిలోకి వెళ్ళింది. లోపల గడియ పడిన చప్పుడు వినబడింది. ఆరు నెలల్లో ఆ పిల్ల ఆ గడియ ఎప్పుడూ వెయ్యలేదు.

ఆదివారం ఎడ్విన్ వచ్చి, ఏమైందని అడిగితే ఇద్దరూ ఏమీ లేదన్నారు. ప్రణతి బయటే తిన్నానంది. సోమవారం పొద్దున వెళ్ళేటప్పుడు, రోజూ బల్ల మీద వదిలిపోయే పాత పెట్టెని కూడా సంచిలో పెట్టుకుని పోయింది. రిపేరుకి అంది. నిన్నటిదాకా బాగానే ఉన్న పెట్టె అది. దయమ్మ ఆ మాట నమ్మలేదు. అడగనూ లేదు.

సాయంత్రం ఏడింటికి ప్రణతి తిరిగొచ్చింది. చెప్పులు విడుస్తూ, “నౌకరీ ఉంచిండ్రు,” అంది. అంతే. గదిలోకి పోయి గడియ వేసుకుంది. దయమ్మ చేపల పులుసు కాచి రెండు కంచాలు పెట్టింది. ఒకటి తన ముందు, ఒకటి ఎదుటి కుర్చీ ముందు. అన్నం మీద మూత పెట్టి కూర్చుంది. తలుపు కొట్టలేదు.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ప్రణతి వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

“ఒక్క మాట అడుగుత. సార్‌కి కాక ఇంకెవరికన్న నా గురించి చెప్పిండ్రా?”

“అప్పలలక్ష్మితో అన్నాను.”

“ఏమని?”

“నువ్వు మంచిదానివో కాదోనని.”

ప్రణతి కుర్చీ అంచు మీద గోరుతో గీసింది. “నేను లేనప్పుడు నా గది తీసి చూసిండ్రా?”

“లేదు.”

“నిజంగనా?”

“నిజమే. ఫోనులో మాటాడుతుంటే ఇన్నాను. గదిలోకి మటుకు ఎల్లలేదు.”

ప్రణతి కుర్చీ లాక్కుని కూర్చుంది. కంచం ముందుకి జరుపుకుంది. అన్నం కలుపుతూ రెండుసార్లు తలెత్తి దయమ్మ మొహంలోకి చూసింది, ఈ మనిషి చెప్పిందాంట్లో ఎంత నిజముందో తూచుకుంటున్నట్టు. దయమ్మ తల దించుకోలేదు. ఇన్నాళ్ళూ ఆ పిల్లని తను చూసిన చూపే అది. ఎంతసేపు చూస్తే అంతసేపు చూడనిచ్చింది.

— పొట్నూరు వెంకటసుబ్బమ్మ, వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉంటున్నది బడ్జ్ బడ్జ్‌లో, జూట్ మిల్లు లైన్ల వెనక, పెద్దకూతురి ఇంట్లో.